అయ్యవారి అట్టపెట్టెలు టీవీకెక్కాయి

పాతికేళ్ల బడి వేడుకలు, అవ్వల కథలు, పల్లె పాటలు, నాటకాలు. వాటన్నిటినీ ఒక పాత కంప్యూటర్లో చేర్చి, ఇంటర్నెట్ ఖర్చు లేకుండా బడి హాల్లోని టీవీలో పిల్లలకు చూపిస్తున్నాం. దారిలో తగిలిన దెబ్బలు, నేర్చుకున్న సంగతులు తోటి బడులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో బడిపంతులును ఇప్పటికీ అయ్యవారనే పిలుస్తారు. మా బడిలో ముప్పై ఏళ్ల పైచిలుకు తెలుగు చెప్పిన పెద్దయ్యవారు రిటైరయిన రోజు, శాలువా కప్పించుకుని, పూలదండ పక్కన పెట్టి, స్టాఫ్‌రూమ్ బీరువా వెనక నుంచి రెండు అట్టపెట్టెలు బయటికి లాగించారు. 'ఇవి బడివి. నాతో తీసుకుపోతే మా అమ్మాయి ఇంట్లో అటకెక్కుతాయి. ఇక్కడుంటే ఎప్పటికైనా పిల్లలు చూస్తారు' అన్నారు. ఆ పెట్టెలు మా దగ్గర కూడా నాలుగేళ్లు అటక మీదే ఉన్నాయి. ఆ మాట ముందే ఒప్పుకోవడం మంచిది.

దించి చూస్తే 14 వీడియో క్యాసెట్లు, 40కి పైగా ఆడియో క్యాసెట్లు, సంచీడు వీసీడీలు, డీవీడీలు, ఒక హార్డ్ డిస్కు. 1998 నుంచి జరిగిన వార్షికోత్సవాలు, పద్యాల పోటీలు, ఉగాది సభలు ఉన్నాయి. అంతకంటే విలువైనవి సెలవుల్లో అయ్యవారు పల్లెలు తిరిగి రికార్డు చేసినవి. తిరునాళ్లలో వీధి నాటకాలు, నాట్లేస్తూ ఆడవాళ్లు పాడిన పాటలు, అరుగుల మీద అవ్వలు చెప్పిన కథలు.

'మాది తప్పు తెలుగా సార్?'

ఇవన్నీ ఇప్పుడెందుకు అని ఎవరైనా అడగొచ్చు. మా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అందులో కన్నడం కలుస్తుంది, తమిళం కలుస్తుంది. సరిహద్దు ఊళ్లలో అది సహజం. కానీ పుస్తకంలోని తెలుగు చూసినప్పుడు, సినిమాల్లోని తెలుగు విన్నప్పుడు వాళ్లకు అది వేరే ఊరి భాషలా ఉంటుంది. ఒకరోజు ఐదో తరగతి పిల్లాడు లేచి, 'మా ఇంట్లో మాట్లాడేది తప్పు తెలుగా సార్?' అని అడిగాడు. కాదురా అని చెప్పాం. చెప్పినంత మాత్రాన నమ్ముతాడా? వాళ్ల ఊరి మాటను గౌరవంగా ఎక్కడైనా వినిపించాలి కదా.

2006లో తమిళనాడు చేసిన చట్టంతో తమిళం పదో తరగతి వరకు తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఉన్న రాష్ట్రం భాష నేర్చుకోవడం పిల్లలకు అవసరమే. దాని మీద మాకు తగవు లేదు. తెలుగుకు మిగిలే సమయం తగ్గిపోతోందన్నదే మా దిగులు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతోంది. అధికరణం గొడుగు పట్టగలదు గానీ, పిల్లవాడి చెవిలో మాట పోయలేదు. ఆ పని ఇల్లూ బడీ చేయాలి. అట్టపెట్టెలు దించడానికి కారణం అదే.

చేజారిన డిస్కు

మొదటి వారంలోనే మా చేతులారా ఒక నష్టం చేసుకున్నాం. పెట్టెలోని హార్డ్ డిస్కులో 2009 నుంచి 2013 వరకు అయ్యవారు హ్యాండీక్యామ్‌తో తీసినవి ఉన్నాయి. దాన్ని బల్ల అంచున పెట్టి కాపీ చేస్తుంటే, పక్కగా వెళ్తున్నవాళ్ల కాలికి వైరు తగిలింది. డిస్కు కింద పడింది. మళ్లీ పెడితే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప ఏమీ లేదు. అలాంటి చప్పుడు వచ్చినప్పుడు వెంటనే తీసేసి, ఇక ఆన్ చేయకూడదట. ఆ సంగతి మాకు తెలియదు. ఆత్రంగా నాలుగైదుసార్లు పెట్టి చూశాం. లోపల పళ్లెంలా తిరిగే డిస్కు మీద దెబ్బతిన్న సూది గీసుకుపోతూ ఉంటే, ఉన్నది కూడా పోతుందని తర్వాత తెలిసింది.

బెంగళూరులో డేటా తీసిచ్చే చోటికి పట్టుకెళ్లాం. అందరం చందా వేసుకుని డబ్బు కట్టాం. మూడోవంతు కూడా చేతికి రాలేదు. పోయినవాటిలో ఒక అవ్వ చెప్పిన కథలన్నీ ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఆమెను కథలవ్వ అనేవారు. ఆమె ఇప్పుడు లేదు. అయ్యవారు ఎప్పుడో ఒక డీవీడీలో వేరే వాటితోపాటు రాసి ఉంచిన 11 నిమిషాల ముక్క మాత్రం మిగిలింది. అయ్యవారికి ఫోన్ చేసి చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'ఉన్నవన్నా జాగ్రత్త చేయండి' అన్నారు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది.

అందుకే ఈ వ్యాసంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటారంటే, అది టీవీ సంగతి కాదు. ఒక్కచోట మాత్రమే ఉన్న ఫైలు లేనట్టే లెక్క. మూడు కాపీలు ఉండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒకటి బడి బయట ఉండాలి. ఇప్పుడు మాకు ఒకటి కంప్యూటర్లో, ఒకటి బీరువాలోని డిస్కులో, ఒకటి పాత విద్యార్థి ఒకరు అద్దెకు తీసుకున్న క్లౌడ్‌లో ఉంది. మూడు నెలలకోసారి బీరువా డిస్కును తీసి, నాలుగు ఫైళ్లు ఆడించి చూసి మళ్లీ పెడుతున్నాం.

క్యాసెట్ నుంచి ఫైలుకు

క్యాసెట్లను ఫైళ్లుగా మార్చడంలో దగ్గరిదారి లేదు. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది. పెళ్లి వీడియోలు తీసే ఆయన ఒకరు తన పాత వీసీఆర్ అరువిచ్చారు. దాని వైర్లను కంప్యూటర్‌కు కలిపే చిన్న యూఎస్‌బీ పరికరం కొన్నాం. రెండు క్యాసెట్ల టేపుకు తెల్లగా బూజు పట్టి ఉంది. అలాంటిదాన్ని నేరుగా వేస్తే ఆ బూజు వీసీఆర్‌కూ, దాన్నుంచి తక్కిన క్యాసెట్లకూ అంటుకుంటుంది. వాటిని వేరుగా ఉంచి, తెలిసినవాళ్లతో శుభ్రం చేయించాకే వేశాం. సాయంత్రాలు వంతులు వేసుకుని కూర్చున్నాం. రెండు నెలలకు దాదాపు 1,100 ఫైళ్లు తేలాయి. ఒక టెరాబైటు దాటింది.

ఇక చూపించాలి. పూర్వ విద్యార్థులు కొనిచ్చిన 43 అంగుళాల టీవీ హాల్లో ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ వెనక గుచ్చితే సరి అనుకున్నాం. చిన్నవి బాగానే ఆడాయి. రెండు గంటల నాటకం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కనే లేదు. ఖాళీ ఉంది కదా అని మళ్లీ మళ్లీ చేశాం. మామూలు పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. అందులో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మారిస్తే ఎక్కింది గానీ, మా టీవీ దాన్ని గుర్తించలేదు. పైగా వెయ్యి ఫైళ్లలో కావలసినది రిమోట్‌తో వెతకడానికే పీరియడ్ అయిపోయేది.

వంటిల్లు ఒకచోట, పంక్తి ఒకచోట

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా పాత విద్యార్థి ఒక ఆదివారం వచ్చి దారి చూపాడు. 'వంటంతా ఒకచోట చేయండి, వడ్డన ఇంకోచోట' అన్నాడు. వంటిల్లు అంటే సర్వర్. కంప్యూటర్ ల్యాబ్‌లో మూలపడిన పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసి, కొత్త డిస్కు పెట్టి, జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఇది ఉచితం. ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన కోడ్‌ను మూసేసుకున్నప్పుడు, 2018 చివర్లో కొందరు ప్రోగ్రామర్లు దాన్నుంచి విడిపోయి స్వచ్ఛందంగా నడుపుతున్నది. పంక్తిలో కూర్చునేది టీవీకి తగిలించిన ఆండ్రాయిడ్ సెట్‌టాప్ పెట్టె. అందులో జెల్లీఫిన్ యాప్ వేస్తే, ల్యాబ్‌లోని కంప్యూటర్లో ఉన్నవన్నీ బొమ్మలతో సహా టీవీ మీద వరసగా కనిపిస్తాయి. రిమోట్ నొక్కితే ఆడతాయి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ప్లెక్స్ పేరు చాలామంది వినే ఉంటారు. కోడి అనేది 2014 దాకా ఎక్స్‌బీఎంసీ పేరుతో ఉండేది. అది వేరే సర్వర్ లేకుండానే, నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్‌ను నేరుగా తెరిచి ఆడిస్తుంది. టీవీ ఒకటే అయితే కోడి చాలు. హాల్లో ఒకటి, తరగతి గదిలో ఒకటి అనుకుంటే సర్వర్ పద్ధతి సుఖం. ఒక టీవీలో సగం చూసి ఆపినది ఇంకో టీవీలో అక్కడి నుంచే మొదలవుతుంది.

తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. 'దీనికి నెట్ బిల్లు ఎంత అవుతుంది?' ఏమీ కాదు. బొమ్మ ల్యాబ్ నుంచి హాలుకు మన రూటర్ గుండా వెళ్తుంది, ఊరు దాటదు. ఇంటర్నెట్ కనెక్షన్ లేకపోయినా ఆడుతుంది. ఇంట్లో కూడా ఇంతే. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి టీవీలో చూసుకోవచ్చు.

ఆగి ఆగి ఆడిన నాటకం

అంతా సిద్ధమనుకుని హాలు నిండా పిల్లల్ని కూర్చోబెట్టాం. 2003 నాటి నాటకం పెట్టాం. అర నిమిషం ఆడింది, ఆగింది. మళ్లీ కాస్త ఆడింది, ఆగింది. ల్యాబ్‌లో చూస్తే కంప్యూటర్ ఫ్యాను గోల పెడుతోంది. ఇంకో దాంట్లో బొమ్మ ఉంది, మాట లేదు.

కారణం ఇది. ఎంపీ4, ఎంకేవీ అనేవి డబ్బాల పేర్లు. డబ్బా చూసి లోపల ఉన్నది ఆవకాయో గోంగూరో చెప్పలేం. లోపలి సరుకును కోడెక్ అంటారు. వీసీడీలో ఎంపెగ్-1, డీవీడీలో ఎంపెగ్-2 ఉంటాయి. ఇప్పటి ఫోన్లు, పెట్టెలు హెచ్.264, హెచ్.265 వాడతాయి. మా సెట్‌టాప్ పెట్టె పాత ఎంపెగ్-2 తినదు. డీవీడీల్లో ఎక్కువగా ఉండే ఏసీ3 శబ్దమూ దానికి పడదు. అందుకని సర్వర్ ప్రతి క్షణం పాతదాన్ని కొత్తదానిగా మార్చి పంపాల్సి వస్తోంది. దీన్ని ట్రాన్స్‌కోడింగ్ అంటారు. పంక్తిలో జనం కూర్చున్నాక ఒక్కొక్కరికీ మళ్లీ పొయ్యి వెలిగించినట్టు. కొత్త కంప్యూటర్‌కు అది లెక్కలో పని కాదు. మా పాతదానికి ప్రాణం మీదికి వచ్చింది. జెల్లీఫిన్ డాష్‌బోర్డు తెరిస్తే ఏ ఫైలు నేరుగా వెళ్తోంది, ఏది మారుతోంది, ఎందుకు మారుతోంది అన్నది రాసి ఉంటుంది. మేము అది చూడకుండా రెండు వారాలు రూటర్‌ను తిట్టాం.

మందు సులువే. ముందే వండి పెట్టుకోవడం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లను వరసగా పెట్టి, రాత్రిళ్లు వదిలేశాం. బొమ్మ హెచ్.264, శబ్దం ఏఏసీ, డబ్బా ఎంపీ4. ఈ మూడూ కలిస్తే ఆడని పెట్టె దాదాపు ఉండదు. పాత టీవీ పద్ధతిలో తీసినవాటిలో మనిషి కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. డీఇంటర్‌లేస్ అనే ఎంపిక పెడితే అవి పోతాయి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. వీసీడీ బొమ్మ 352×288 చుక్కలే. దాన్ని పెద్ద సైజుకు సాగదీసి దాచడంవల్ల ఫైలు లావవుతుంది తప్ప ముఖం స్పష్టం కాదు. రెండోది, మార్చినది వచ్చింది కదా అని అసలుదాన్ని చెరిపేయొద్దు. రేపు ఇంతకంటే మంచి పనిముట్టు వస్తే మళ్లీ అసలు దగ్గరికే వెళ్లాలి.

గోడలూ తీగలూ

రూటర్ హెడ్మాస్టర్ గదిలో ఉంది. హాలుకూ దానికీ మధ్య రెండు రాతి గోడలు. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది గానీ నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగమే గానీ గోడ దగ్గర నీరసిస్తుంది. చివరికి హాలు దాకా ల్యాన్ కేబుల్ లాగించాం. ఒక్క కేబుల్ 100 మీటర్ల దాకా పోతుంది, చాలా బడులకు అది సరిపోతుంది. మా పెట్టెకున్న ల్యాన్ రంధ్రం సెకనుకు 100 మెగాబిట్లది. తక్కువనుకోకండి. డీవీడీ బొమ్మ ఎంత బరువైనా 10 మెగాబిట్లు దాటదు. ఫోన్లో 4కేలో తీసినవి మాత్రం 40, 50 దాకా పోతాయి. బలహీనమైన వైఫైలో తడబడేవి అవే. అందుకే ఇప్పుడు బడి కార్యక్రమాలు 1080పీలోనే తీస్తున్నాం.

ఇంకో చిక్కు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టీవీ పెట్టెకు సర్వర్ కనిపించేది కాదు. రూటర్ ప్రతిసారీ కంప్యూటర్‌కు కొత్త అడ్రసు ఇస్తోంది, పెట్టె పాత గుమ్మంలో నిలబడి తలుపు కొడుతోంది. రూటర్ సెట్టింగుల్లో ఆ కంప్యూటర్‌కు ఒక అడ్రసు ఖాయం చేస్తే తీరిపోయింది. ఉన్నట్టుండి కరెంటు పోతే డిస్కుకు మంచిది కాదు కాబట్టి చిన్న యూపీఎస్ పెట్టాం.

పేరు పెట్టడమే అసలు పని

2011లో మా ఏడో తరగతి పిల్లలు మాయాబజార్ నాటకం వేశారు. ఆ ఫైలుకు అదే పేరు పెట్టాం. టీవీ తెరిస్తే దాని మీద 1957 నాటి సినిమా పోస్టరు! కింద ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, ఎస్వీ రంగారావు పేర్లు. లోపలికి వెళ్తే అట్టకిరీటం జారిపోతూ మా బడి ఘటోత్కచుడు. పిల్లలు నవ్వలేక చచ్చారు. సాఫ్ట్‌వేర్ పేరును బట్టి ఇంటర్నెట్‌లో వెతికి వివరాలు తెచ్చి అతికిస్తుంది. ఆ రోజు దానికి దొరికింది అది. సొంత వీడియోల ఫోల్డర్‌ను చేర్చేటప్పుడు 'హోమ్ వీడియోలు, ఫొటోలు' అనే రకాన్ని ఎంచుకుంటే ఈ తిప్పలుండవు. ఆ ఘటోత్కచుడు ఇప్పుడు హోసూరులో ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆ పోస్టరు ఫొటో తీసి పంపితే, అలాగే ఉంచేయండి సార్ అన్నాడు.

పేర్ల విషయంలో మేము పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. ముందు సంవత్సరం, తర్వాత ఊరు, తర్వాత సంగతి. నెల, తేదీ తెలిస్తే అవీ అంకెల్లో. అప్పుడు వరస దానంతటదే కుదురుతుంది. ఇందులో అన్నిటికంటే కష్టం, తెర మీద ఉన్నది ఎవరో కనుక్కోవడం. 'పాట 3' అని రాసి ఉన్న క్యాసెట్‌లో పాడుతున్నది ఎవరు? ఏ ఊరు? అయ్యవారి కూతురింటికి నాలుగు ఆదివారాలు వెళ్లాం. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. గొంతు వింటే చాలు, మనిషిని చెప్పేస్తారు. ఆయన చెబుతుంటే మాలో ఒకరు నోటుబుక్కులో రాశారు. మీ బడిలోనూ ఇలాంటి పెట్టెలు ఉంటే, కంప్యూటర్ కొనడానికి ముందు ఆ పెద్దల దగ్గరికి వెళ్లండి. కంప్యూటర్ వచ్చే ఏడాదైనా దొరుకుతుంది.

తెర కింద తెలుగు అక్షరం

అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారికి 1996లో ఒక ఆలోచన వచ్చింది. పాట ఏ భాషలో వినిపిస్తుందో ఆ భాషలోనే కింద అక్షరాలు వేస్తే, చదవడం అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకు సాధన అవుతుంది కదా అని. 1999లో గుజరాతీ సినిమా పాటల టీవీ కార్యక్రమంతో అది మొదలైంది. తర్వాత జాతీయ దూరదర్శన్‌లో హిందీ పాటలకూ వచ్చింది. మా పిల్లలకు ఇది అచ్చంగా సరిపోయింది. మాట వాళ్ల ఊరిది, అక్షరం మేము నేర్పుతున్నది. రెండూ తెర మీద కలుస్తాయి.

ఎస్ఆర్‌టీ అనే సబ్‌టైటిల్ ఫైలు చాలా మామూలుది. వరస సంఖ్య, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, కింద మాట. నోట్‌ప్యాడ్‌లోనే రాయొచ్చు. యూటీఎఫ్-8లో సేవ్ చేసి, వీడియో పేరే దానికీ పెట్టి, అదే ఫోల్డర్‌లో ఉంచాలి. మొదట మాకు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. పాత నాటకాల ప్రతులు డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో కొట్టినవి. అది యూనికోడ్ కాదు. మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఒత్తులు చూసి సరిదిద్దుకున్నాం. ఎనిమిదో తరగతి పిల్లలు ఇప్పుడు ఈ పనిలో మాకంటే చురుగ్గా ఉన్నారు. అవ్వ ఎలా పలికితే అలాగే రాయాలి, పుస్తకం తెలుగులోకి దిద్దకూడదు అన్నది నియమం. 'యాడ' అంటే 'యాడ' అనే. ఆనాడు తప్పు తెలుగా అని అడిగిన పిల్లాడు ఇప్పుడు ఆ జట్టులో ఉన్నాడు.

ఎవరివి, ఎవరికి?

పెట్టెల్లో కొన్న సినిమా డిస్కులు కూడా ఉన్నాయి. కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా సిబ్బందికి, విద్యార్థులకు, తల్లిదండ్రులకు, సంస్థతో సంబంధం ఉన్నవారికి మాత్రమే సినిమా చూపించడం ఉల్లంఘన కాదు. ఊరందరికీ టికెట్టు పెట్టి చూపిస్తే అది వేరే సంగతి. దొంగ కాపీలు దించుకోవడానికి ఇది అనుమతి కాదు. మేము కొన్న డిస్కులు తప్ప వేరేవి పెట్టలేదు.

పిల్లల వీడియోల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మా సర్వర్‌ను బయటి ఇంటర్నెట్‌కు తెరవలేదు. క్లౌడ్‌లోని కాపీకి తాళం మా దగ్గరే ఉంది. కొత్తగా తీసేవాటికి తల్లిదండ్రుల సంతకం తీసుకుంటున్నాం. యూట్యూబ్‌లో పెట్టండి, బడికి పేరొస్తుంది అని కొందరు అన్నారు. ఐదేళ్ల పిల్ల వేదిక మీద ఏడ్చింది ఊరంతా చూసి నవ్వడానికి కాదు కదా. పెద్దవాళ్ల పాటలు, కథలు వాళ్ల కుటుంబం సరేనంటేనే, పేరు వేసి, పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నాం.

'మిగతా కథ యాడ సార్?'

శనివారం మధ్యాహ్నం గంటన్నర చూపిస్తున్నాం. ఒక శనివారం కథలవ్వ 11 నిమిషాలు పెట్టాం. చెరువుకట్ట కాసే గుడ్డి ముసలాయన కథ. వాన కురుస్తూ ఉంటుంది, చెరువు నిండుతూ ఉంటుంది, ఊరు నిద్రపోతూ ఉంటుంది. కళ్లు లేని ముసలాయనకు కట్ట లోపలి నుంచి ఏదో చప్పుడు వినిపిస్తుంది. అంతే. అక్కడ రికార్డింగ్ ఆగిపోతుంది. నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి నిలబడింది. 'ఆమె మా అమ్మకు అవ్వ సార్. మిగతా కథ యాడ?' అని అడిగింది.

మిగతా కథ మా చేతుల్లోంచి కింద పడింది అని ఆ పిల్లకు ఎలా చెప్పాలి? అయినా చెప్పాం. మా వల్లే పోయిందని చెప్పాం.

మరుసటి శనివారం ఆ పిల్ల వాళ్ల జేజిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె కథలవ్వ కూతురు. పూలతోటలో పనికి పోయి, అటునుంచి అటే వచ్చింది. తెర మీద తల్లిని చూసి మొదట ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని, 'మాయమ్మ చెప్పినట్ల నాకు రాదు. నాకు వచ్చినట్ల చెప్తా' అంది. మేము ఫోను స్టాండు మీద పెట్టాం. ఆమె మొదటి నుంచి చెప్పింది. తల్లి కథలో లేని ఒక కుక్క ఆమె కథలో వచ్చింది. తల్లి రెండు నిమిషాలు చెప్పిన వానను ఈమె ఒక్క మాటలో దాటించింది. చెరువు ఏమైందో, ముసలాయన ఏం చేశాడో పిల్లలందరికీ తెలిసింది. 11 నిమిషాలు ఇప్పుడు 26 నిమిషాలు. పోయినది అదే కాదు, అలాగే తిరిగి రాదు. కానీ కథ ఆగిపోలేదు.

ఆ సాయంత్రమే మూడు చోట్లా కాపీ చేశాం. ఆ తర్వాతే బడికి తాళం వేశాం.

వచ్చే ఏడాది తమ అమ్మాయిని వేరే బడికి మారుద్దామని ఆ పిల్ల తల్లిదండ్రులు అనుకుంటున్నారు. అది వాళ్ల ఇష్టం, వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. ఒక టీవీ పెట్టె బడిని నిలబెడుతుందని మేము అనుకోవడం లేదు. ఆమె ఎక్కడ చదివినా, తన ఇంటి మాట తప్పు తెలుగు అని మాత్రం అనుకోదు.

మీ బడిలో మొదలుపెట్టాలంటే

షోలాపూర్‌లో మగ్గం పాటలు ఉండొచ్చు. బరంపురంలో, బళ్లారిలో, యానాంలో మీ మీ నాటకాలు, నోములు, పేర్లు ఉండే ఉంటాయి. అన్నీ ఒక్కసారే చేయనక్కర్లేదు. ముందు పెద్దల దగ్గర కూర్చుని ఉన్నవాటి జాబితా రాయండి. తర్వాత రెండు డిస్కులు కొనండి, ఒకటి కాదు. ఒకటి బల్ల మధ్యలో, ఒకటి వేరే ఇంట్లో. పది ఫైళ్లను ఎంపీ4లోకి మార్చి పెన్‌డ్రైవ్‌తోనే టీవీలో చూపించండి. పిల్లలు ఇంకా కావాలని అడిగితే అప్పుడు సెట్‌టాప్ పెట్టె, ఆ తర్వాత పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చడం. మూలపడిన కంప్యూటర్ లేని బడి ఈరోజుల్లో అరుదు. డిస్కు, పెట్టె, కేబుల్, యూపీఎస్‌ల ఖర్చు మేము ఒకేసారి కాక, ఏడాదిలో విడతలవారీగా పెట్టుకున్నాం.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ ఇంట్లో అవ్వో తాతో ఉంటే, ఈ ఆదివారం ఫోను ముందు పెట్టి ఒక్క కథ చెప్పించండి. ఊరు, పేరు, తేదీ మొదట్లోనే ఆమె నోటితోనే చెప్పించండి. సోమవారం పిల్లల చేత బడికి పంపండి. ఫోన్లోది చెరపకండి, అది రెండో కాపీ.